జ్యూరీలో కూర్చున్నాను, తీర్పు మీద నా సంతకం లేదు

ఇక్కడ అమెరికాలో కోర్టు కేసు విని తీర్పు చెప్పడానికి మామూలు పౌరులనే పిలుస్తారు, దాన్నే జ్యూరీ అంటారు. మన తెలుగువాళ్లలో ఎవరికైనా ఆ జ్యూరీకి రమ్మని సమన్స్ వచ్చిందంటే ముందుగా వినపడే మాట "ఎలా తప్పించుకోవాలి" అనేదే. నాకు వచ్చినప్పుడూ అంతే. "పోలీసులంటే నాకు చాలా నమ్మకం అని చెప్పెయ్, ఆ పూటే పంపించేస్తారు" అని ఒకరు, "ఇంగ్లిష్ సరిగ్గా అర్థం కాదని చెప్పక్కా" అని ఇంకొకరు. ఈ రెండో సలహా ఇచ్చిన అబ్బాయి రోజంతా ఇంగ్లిష్‌లో మీటింగులు నడుపుతాడు, వింటుంటే నాకు నిజంగా బాధేసింది. నేను వెళ్లాను, అడిగినదానికి నిజం చెప్పాను, జ్యూరీలో కూర్చున్నాను. లోపల ఏం జరుగుతుందో మన భాషలో వివరంగా చెప్పినవాళ్లు నాకు దొరకలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. మేముండేది టెక్సస్‌లో కాలిన్ కౌంటీలో, అంటే ప్లానో, ఫ్రిస్కో, ఆలెన్ ఉన్న కౌంటీ. వేరే రాష్ట్రాల్లో పద్ధతులు వేరుగా ఉంటాయి.

ముందుగా వీసా మీదా గ్రీన్ కార్డు మీదా ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన సంగతి. టెక్సస్‌లో జ్యూరీకి పేర్లు తీసేది ఓటర్ల జాబితా నుంచి మాత్రమే కాదు, డ్రైవింగ్ లైసెన్స్, స్టేట్ ఐడీ ఉన్నవాళ్ల జాబితా నుంచి కూడా. అందుకే సిటిజన్ కాకపోయినా కవరు వచ్చేస్తుంది, మాకూ హెచ్1బీ రోజుల్లోనే ఒకసారి వచ్చింది. అది చూసి భయపడి చెత్తబుట్టలో పడేయకండి, గొప్పగా ఉందని వెళ్లి కూర్చోనూ కూర్చోకండి. అందులో "నేను అమెరికా పౌరుణ్ణి కాదు" అనే గడి ఉంటుంది, అది నింపి సంతకం పెట్టి పంపేస్తే (ఆన్‌లైన్‌లో కూడా చేయొచ్చు) మీ వరకు పని అయిపోయినట్టే. పొరపాటున కూడా పౌరులమని గడి నింపకూడదు, పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో చాలా పెద్ద తప్పు, దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే కారణం చాలు. ఇంకోటి, "మీరు జ్యూరీ డ్యూటీ ఎగ్గొట్టారు, వారెంట్ ఉంది, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి" అని ఫోన్లు వస్తుంటాయి, అవన్నీ మోసం, కోర్టులు అలా ఫోన్ చేసి డబ్బు అడగవు. మనవాళ్ల అమ్మానాన్నలు ఇంట్లో ఒక్కళ్లే ఉన్నప్పుడు ఇలాంటి ఫోన్లు ఎత్తి హడలిపోతుంటారు, వాళ్లకి ముందే చెప్పి పెట్టండి.

సిటిజన్‌షిప్ పరీక్షకి చదివిన వంద ప్రశ్నల్లో "పౌరులకు మాత్రమే ఉండే ఒక బాధ్యత చెప్పండి" అని ఒకటి ఉండేది. ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం, లేదా జ్యూరీలో పనిచేయడం, రెండిట్లో ఏది చెప్పినా సరిపోతుంది. నేను జ్యూరీ అనే గుర్తుపెట్టుకున్నాను. ప్రమాణం చేశాక ఓటు వెంటనే వచ్చింది గానీ జ్యూరీ పిలుపు మాత్రం ఎంతకీ రాలేదు. మా ఆఫీసులో ఒకావిడని మళ్లీ మళ్లీ పిలుస్తున్నారు, ఆమె విసుక్కుంటోంది, నాకేమో ఒక్క కవరూ లేదు. కంప్యూటర్ యాదృచ్ఛికంగా తీస్తుంది కాబట్టి అందులో నా ప్రమేయం ఏమీ లేదని తెలుసు, అయినా పోస్ట్ బాక్స్ తెరిచిన ప్రతిసారీ చూసేదాన్ని.

చివరికి వచ్చింది. వెళ్లాల్సింది మెకినీలో బ్లూమ్‌డేల్ రోడ్డు మీద ఉన్న కోర్టు భవనానికి. అర్హతలు పెద్దగా ఏమీ లేవు, పద్దెనిమిదేళ్లు నిండాలి, పౌరులై ఆ కౌంటీలో ఉండాలి, చదవడం రాయడం రావాలి, ఫెలనీ (పెద్ద నేరం) గానీ దొంగతనం గానీ రుజువై ఉండకూడదు, అలాంటివి. మినహాయింపులూ ఉన్నాయి, చదువుకుంటున్న పిల్లలకి, పన్నెండేళ్ల లోపు పిల్లల్ని చూసుకోవడానికి వేరే ఎవరూ లేనివాళ్లకి, మంచాన పడ్డవాళ్ల బాగోగులు చూసేవాళ్లకి. అవి నిజంగా వర్తిస్తే హాయిగా వాడుకోవాలి, దాన్నెవరూ తప్పుపట్టరు. 2023 సెప్టెంబరు నుంచి మొదటి రోజుకి 20 డాలర్లు, రెండో రోజు నుంచి రోజుకి 58 డాలర్లు ఇస్తున్నారు (అంతకు ముందు 6, 40 ఉండేవి). జ్యూరీకి వెళ్లారని ఉద్యోగంలోంచి తీసేయడానికి వీల్లేదు గానీ, ఆ రోజులకి జీతం ఇచ్చి తీరాలని ప్రైవేటు కంపెనీలకి ఇక్కడ చట్టం లేదు. మా కంపెనీ ఇచ్చింది. నా పక్కన కూర్చున్న అమ్మాయి ఇళ్లు శుభ్రం చేసే పని చేస్తుంది, ఆమెకి పనికి వెళ్లని రోజు కూలి పోయినట్టే. డబ్బు నష్టం అనే కారణం చెబితే జడ్జి తనంతట తాను వదిలేయడానికి లేదట, కేసులో ఉన్న రెండు పక్షాలూ ఒప్పుకోవాలట. ఆమె ముఖంలో ఆ టెన్షన్ చూశాక, మనలాంటి జీతం తెగని ఉద్యోగాలు చేసేవాళ్లం తప్పించుకోవడం గురించి మాట్లాడటం నాకు అసలు మింగుడు పడటం లేదు. మనం తప్పుకున్న చోట కూర్చోవాల్సింది ఇలాంటివాళ్లే.

పెద్ద హాల్లో అందరినీ కూర్చోబెట్టి ప్రమాణం చేయించి, తర్వాత గుంపులుగా విడగొట్టి ఒక్కో కోర్టుకి పంపారు. మాది డిస్ట్రిక్ట్ కోర్టు, సివిల్ కేసు, పన్నెండు మంది జ్యూరీ కావాలి. అక్కడ నుంచి మనం పేరు కాదు, నంబరు. ఆ నంబరు వరస ఎందుకు ముఖ్యమో నాకు సాయంత్రానికి గానీ అర్థం కాలేదు.

లాయర్లు ప్రశ్నలు అడిగే ఘట్టాన్ని వోర్ డైర్ అంటారు. నా అనుభవంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది విచారణ కన్నా ఇదే. కేసు కారు ప్రమాదం. ఒకావిడ రోడ్డు మీద నేరుగా వెళ్తోంది, ఒకాయన షాపింగ్ కాంప్లెక్స్ పార్కింగ్ లోంచి రోడ్డెక్కుతూ గుద్దాడు, ఆవిడ నష్టపరిహారానికి దావా వేసింది (ఇద్దరూ మామూలు మనుషులు కాబట్టి కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను). ఆవిడ లాయరు మొదట అడిగిందే "ఈ దేశంలో దావాలు మరీ ఎక్కువైపోయాయి అనుకునేవాళ్లు చేతులెత్తండి" అని. సగం మంది ఎత్తారు. అతనికి కోపం రాలేదు, ఒక్కొక్కరినీ ఎందుకలా అనుకుంటున్నారని అడిగి, "మరి మా పక్షం రెండడుగులు వెనక నుంచి పరుగు మొదలుపెడుతున్నట్టేనా?" అని నెమ్మదిగా రాబట్టాడు. అవునని గట్టిగా అన్నవాళ్ల నంబర్లు రాసుకున్నాడు. తర్వాత "కంటికి కనపడని నొప్పికి డబ్బు లెక్కగట్టమంటే గట్టగలరా?" అన్నాడు. ఒక పెద్దాయన లేచి "నొప్పి దేవుడిచ్చేది, దానికి నేను వెల కట్టలేను" అన్నాడు. ఎంత నిజాయితీగా చెప్పాడో అనిపించింది. అవతలి లాయరు వంతు వచ్చాక ప్రశ్న తిరగబడింది: "ఆవిడ ఏడ్చినా సరే, రుజువు కాకపోతే సున్నా అని రాయగలరా?"

నన్ను అడిగింది ప్రమాదాల గురించే. మా తమ్ముడికి ఇండియాలో బైక్ ప్రమాదం జరిగి ఏళ్లతరబడి నడుం నొప్పితో బాధపడ్డాడని, అతనికి ఏ పరిహారమూ రాలేదని ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆ అనుభవం వల్ల మా క్లయింటు మీద కోపం వస్తుందా?" అని ప్రతివాది లాయరు అడిగితే ఒక క్షణం ఆలోచించి, "మీ క్లయింటు ఎవరో కూడా నాకింకా తెలియదు, సాక్ష్యం విన్నాకే చెప్పగలను" అన్నాను. అప్పుడు అబద్ధం ఆడి బయటపడటం ఎంత తేలికో కళ్ల ముందే కనపడింది. ఆ గదిలో కొందరు చేశారు కూడా, మాట తీరులోనే తెలిసిపోతుంది. వాళ్లు ఇంటికెళ్లిపోయారు. నొప్పికి వెల కట్టలేనన్న పెద్దాయన కూడా వెళ్లిపోయాడు గానీ ఆయన వెళ్లింది నిజం చెప్పి, ఆ రెండూ ఒకటి కావు.

జ్యూరీని ఎవరూ ఏరి ఎంచుకోరు, వద్దనుకున్నవాళ్లని తీసేస్తారు, అంతే. పక్షపాతం ఉందని తేలినవాళ్లని జడ్జి తీసేస్తాడు, దానికి లెక్క లేదు. ఆ తర్వాత కారణం చెప్పక్కర్లేకుండా ఒక్కో పక్షం ఆరుగురిని కొట్టేయొచ్చు. అలా కొట్టేయగా వరసలో మొదట మిగిలిన పన్నెండు మందే జ్యూరీ. అందుకే వెనక వరసల్లో ఉన్నవాళ్ల వరకు అసలు రానే రాదు. ఒంటి రంగు చూసి, జాతి చూసి కొట్టేయకూడదని 1986లో బాట్సన్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది, 1991లో సివిల్ కేసులకీ అదే వర్తిస్తుందంది. ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం నా నంబరు పిలుస్తుంటే, రెండు పక్షాలూ కాగితం మీద నా పేరు చూసి ఊరుకున్నారన్న మాట అనుకున్నాను.

విచారణ మొదలయ్యేటప్పుడు తలుపు తెరుచుకుంది, బెయిలిఫ్ (కోర్టు గదిలో ఉండే అధికారి) "ఆల్ రైజ్ ఫర్ ద జ్యూరీ" అన్నాడు. కోర్టులో ఉన్న లాయర్లు, వాది, ప్రతివాది, అందరూ లేచి నిలబడ్డారు. మేం పన్నెండు మందిమి నడిచి వచ్చి కూర్చునేదాకా అలాగే నిలబడి ఉన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా నాన్న గట్టు తగాదా కేసులో నరసరావుపేట మున్సిఫ్ కోర్టుకి ఏళ్ల తరబడి తిరిగాడు, వాయిదా రోజు తెల్లవారుజామునే బస్సెక్కి వెళ్లి, బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచేదాకా వరండాలో నిలబడి, "మళ్లీ వాయిదా పడిందమ్మాయ్" అంటూ రాత్రికి ఇంటికొచ్చేవాడు. జడ్జీలు బదిలీ అయ్యేవాళ్లు, ప్లీడరు గారి ఫీజు మాత్రం ఆగేది కాదు. మా ఇంట్లో కోర్టంటే నిలబడి ఎదురుచూసే చోటు. ఆ రాత్రి ఫోన్లో నాన్నకి ఈ సంగతి చెబితే (కేసు గురించి కాదు, అది ఎవరికీ చెప్పకూడదు) "నువ్వేం లా చదివావే తీర్పు చెప్పడానికి?" అని ఆశ్చర్యపోయాడు. ఆయనది నిజమైన ప్రశ్నే. మన దేశంలోనూ ఒకప్పుడు జ్యూరీలు ఉండేవి, 1959లో బొంబాయిలో నేవీ అధికారి నానావతి మీద నడిచిన హత్య కేసులో జ్యూరీ ఎనిమిది ఒకటి తేడాతో నిర్దోషి అంటే సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు, అక్కడ శిక్ష పడింది. 1973లో వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇక జ్యూరీకి చోటే లేకుండా పోయింది. చట్టం తెలియనివాళ్లకి తీర్పు అప్పగించడం క్షేమమేనా అంటే, లోపల కూర్చుని చూశాక నా సమాధానం అవును. చట్టం చెప్పడానికి జడ్జి ఉన్నాడు, మమ్మల్ని అడిగింది జరిగిందేమిటని.

విచారణ గురించి ఎక్కువ రాయను, చాలా భాగం మెడికల్ బిల్లులే. ఆవిడ తరఫున ఒక సర్జన్ ముందే రికార్డ్ చేసిన వీడియోలో మాట్లాడాడు, వెన్నుకి మున్ముందు ఆపరేషన్ అవసరం అవుతుందని. అటు తరఫున ఇంకో డాక్టరు, ఎంఆర్ఐలో కనపడేది వయసుతో వచ్చిన అరుగుదలే అన్నాడు. ఇద్దరికీ గంటకి ఎంతిస్తున్నారో కూడా అడిగారు. గూగుల్‌లో వెతకకూడదు, ఆ రోడ్డు మీదకి వెళ్లి చూడకూడదు, ఇంట్లో చెప్పకూడదు, మాలో మేం కూడా మాట్లాడుకోకూడదు. నోట్సు రాసుకోవచ్చు గానీ తోటి జ్యూరర్లకి కూడా చూపించకూడదు. రోజూ నేను వెళ్లే దారికి ప్రమాదం జరిగిన చోటు దగ్గరే, చుట్టూ తిరిగి వేరే రోడ్డులో వెళ్లాను.

అన్నీ అయ్యాక జడ్జి ఒక ప్రశ్నల కాగితం చదివి ఇచ్చాడు. నేరస్తుడా కాదా అన్నది కాదు ఇక్కడ. ఎవరి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది, ఎవరిది ఎంత శాతం, తర్వాత డబ్బు ఒక్కో పద్దు కింద ఎంత: అయిన వైద్యం, కాబోయే వైద్యం, నొప్పి, మానసిక వేదన, సంపాదించే శక్తి తగ్గడం, ఇలా. క్రిమినల్ కేసులో లాగా అనుమానం లేకుండా రుజువు కావాలని లేదు, సాక్ష్యం కొద్దిగా ఒకవైపు మొగ్గినా చాలు. పన్నెండు మందిలో పది మంది ఒప్పుకుంటే తీర్పే. కాకపోతే అన్ని ప్రశ్నలకీ అదే పది మంది అయ్యుండాలి.

ముందు ప్రిసైడింగ్ జ్యూరర్‌ని, అంటే మా పన్నెండు మందికీ పెద్దని, ఎన్నుకున్నాం, స్కూల్లో లెక్కలు చెప్పే ఆవిడ. శాతాలు త్వరగానే తేలాయి, గుద్దినాయనది ఎనభై, దావా వేసినావిడ కూడా స్పీడుగానే వస్తోంది కాబట్టి ఆమెది ఇరవై. డబ్బు దగ్గరకి వచ్చేసరికి గదిలో గాలి మారిపోయింది. ఒకతను "ఎలాగూ ఇన్సూరెన్స్ వాళ్లేగా కట్టేది" అన్నాడు. ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నది ఆలోచించనే కూడదని జడ్జి చదివిన పేజీ టీచరమ్మ తీసి మళ్లీ చదివింది. ఇంకొకాయన అందరం తలా ఒక అంకె రాసి సరాసరి తీద్దామన్నాడు, అది కూడా కాగితంలో పేరుపెట్టి వద్దన్నారు, చీట్లు వేయకూడదు, నేనిక్కడ ఒప్పుకుంటా నువ్వక్కడ ఒప్పుకో అని బేరాలాడుకోకూడదు. ఆవిడ తప్పు ఇరవై శాతం ఉంది కదా అని మొత్తం తగ్గించబోయారు కొందరు, తగ్గించడం జడ్జి పని, మీరు తగ్గించకండి అని అదీ రాసి ఉంది. ఇలాంటి కాగితం రాసినవాళ్లకి మనుషులు మూసిన గదిలో ఏం చేస్తారో బాగా తెలుసు. ఎవరో ఎప్పుడో చేసి ఉంటారు, అందుకే ఒక్కో వాక్యం అలా చేరి ఉంటుంది.

కాబోయే వైద్యం దగ్గర ఆగిపోయాం. తొమ్మిది మంది సున్నా అన్నారు. టీచరమ్మ మొదట అటూ ఇటూ ఊగి చివరికి వాళ్లతో చేరింది. నేనూ, గిడ్డంగిలో పనిచేసే ఒక కుర్రాడూ ఒప్పుకోలేదు. ప్రమాదానికి ముందు ఆవిడకి నడుం నొప్పి ఉన్నట్టు ఒక్క కాగితం కూడా చూపించలేకపోయారు, తర్వాత ఇంజెక్షన్లు తీసుకుంటూనే ఉంది, అరుగుదల ఉన్న వెన్నుకే దెబ్బ తగిలితే ఎక్కువ అవదా? అనుమానం ఉందంటే ఉంది, కానీ మమ్మల్ని అడిగింది ఏది ఎక్కువ నమ్మదగ్గది అని మాత్రమే. ఇదంతా నేను చెప్పాను, ఇంగ్లిష్‌లో, నా యాసలో, గుండె దడదడలాడుతుంటే. వాళ్లు విన్నారు. ఒకావిడ "నువ్వు చెప్పింది నాకు అర్థమవుతోంది, కానీ ఆ సర్జన్ ఆవిడని చూసింది ఒక్కసారే కదా" అంది. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. మళ్లీ ఎగ్జిబిట్లు (సాక్ష్యంగా ఇచ్చిన కాగితాలు, బొమ్మలు) తిరగేశాం, మళ్లీ అక్కడే ఆగాం. నా తమ్ముడు గుర్తొచ్చి ఇలా అంటున్నానా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను, కాదని తేల్చుకున్నాకే మాట మీద నిలబడ్డాను.

ఏకగ్రీవం అయితే ప్రిసైడింగ్ జ్యూరర్ ఒక్కరే సంతకం పెడతారు, కాకపోతే ఒప్పుకున్న ప్రతి ఒక్కరూ పెట్టాలి. కాగితం బల్ల చుట్టూ తిరిగింది, నా దగ్గరకి వచ్చినప్పుడు పక్కకి అందించాను. కోర్టులో తీర్పు చదివాక ఆవిడ లాయరు ఒక్కొక్కరినీ అడగమన్నాడు. జడ్జి వరసగా "ఇది మీ తీర్పేనా?" అని అడుగుతూ వచ్చాడు, అవును, అవును, అవును. నేను "కాదు" అన్నాను. నా తర్వాత ఆ కుర్రాడూ కాదన్నాడు. జడ్జి తల ఊపి రాసుకున్నాడు. పది మంది ఉన్నారు కాబట్టి తీర్పు అదే. ఆవిడ నావైపు చూసింది. అయిన వైద్యానికీ నొప్పికీ డబ్బు వచ్చింది, ఆపరేషన్‌కి రాలేదు.

తర్వాత జడ్జి మా గదికి వచ్చి అందరికీ థాంక్స్ చెప్పి, ఇప్పుడిక ఎవరితోనైనా మాట్లాడొచ్చు, మాట్లాడకపోయినా తప్పు లేదు, లాయర్లు బయట ఉంటారు అన్నాడు. చాలామంది వెళ్లిపోయారు, నేను ఆగాను. ఆవిడ లాయరు వచ్చి "ఎక్కడ పోయింది?" అని అడిగాడు. మీ సర్జన్ ఎంఆర్ఐ బొమ్మ మీద దెబ్బ ఏది, అరుగుదల ఏది అని వేలు పెట్టి చూపించలేదు, అవతలి డాక్టరు చూపించాడు, లోపల అందరూ మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లింది ఆ బొమ్మ దగ్గరికే అని చెప్పాను. అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. మరి మీరెందుకు కాదన్నారు అన్నాడు. ఆవిడ పాత మెడికల్ రికార్డులన్నీ నేను ఒక్కో పేజీ చదివాను, అందులో నడుం మాట ఎక్కడా లేదు, ఆ సంగతి మీరు ముగింపు వాదనలో ఒక్క వాక్యంలో దాటేశారు, దాని మీద ఇంకాస్త నిలబడి ఉండాల్సింది అన్నాను.